హెచ్‌ఆర్‌లో మేనేజర్ ఉద్యోగాలు ఎన్ని రకాలు? ప్లాంట్ ఆఫర్, కన్సల్టెన్సీ ఆఫర్ మధ్య తేల్చుకోలేకపోతున్న

కాకతీయ_ఎంబీఏ

పెద్దలందరికీ నమస్తే. వరంగల్‌ల ఎంబీఏ హెచ్‌ఆర్ ఆఖరు సెమిస్టర్ చదువుతున్న. చేతిల రెండు ఆఫర్లు ఉన్నయి. ఒకటి మాదాపూర్‌ల ఐటీ స్టాఫింగ్ కన్సల్టెన్సీ, రిక్రూటర్ ట్రైనీ, నెలకు 22 వేలు, పైన ఇన్సెంటివ్. రెండోది జడ్చర్ల దిక్కు మందుల ఫ్యాక్టరీల హెచ్‌ఆర్ ట్రైనీ, 18 వేలు, క్యాంటీన్, బస్సు వాళ్లదే.

నాకు మేనేజర్ దాకా ఎదగాలని ఉన్నది. కానీ హెచ్‌ఆర్‌ల మేనేజర్లు ఎన్ని రకాలు ఉంటరు, ఏ దారిల పోతే ఎక్కడ తేలుతమనేది క్లాసుల ఎవరూ చెప్పలేదు. సిద్ధాంతాలు చెప్పిన్రు, పరీక్షలు రాసినం. బయట ఎవరిని అడిగినా "హెచ్‌ఆర్ అంటే ఇంటర్వ్యూలు చేసుడే కదా" అంటున్నరు. మా బాపు అయితే ఆడపిల్లకు ఫ్యాక్టరీ ఎందుకు, గ్రూప్-2 రాయమంటున్నడు. పని చేస్తున్నవాళ్లు ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

గేటు_నంబర్_2

అమ్మా, నేను శ్రీసిటీలో ఒక ప్లాంట్‌లో హెచ్‌ఆర్, ఐఆర్ (కార్మిక సంబంధాల) మేనేజర్‌ని. 18 వేలు తక్కువే, కాదనను. కానీ ఆ నాలుగు వేల తేడా చూసి ప్లాంట్ వదులుకోవద్దు.

ప్లాంట్ హెచ్‌ఆర్ అంటే ఏంటో చెప్తా. పొద్దున్నే షిఫ్ట్ హాజరు. కంపెనీ మనుషులు ఎంతమంది, కాంట్రాక్టర్ల మనుషులు ఎంతమంది, ఎవరు రాలేదు, ఏ లైను ఆగుతుంది. తర్వాత క్యాంటీన్ గొడవ, బస్సు గొడవ, ఓటీ లెక్క తేడా. కాంట్రాక్టర్ తన మనుషులకు పీఎఫ్, ఈఎస్‌ఐ కట్టాడా లేదా అని ప్రతి నెలా చలానాలు పేరుపేరునా చూడాలి. అతను కట్టకపోతే ప్రిన్సిపల్ ఎంప్లాయర్‌గా, అంటే కాంట్రాక్టర్‌కు పని ఇచ్చిన కంపెనీగా, మన మెడకే చుట్టుకుంటుంది. ఇదంతా మొదటి రెండేళ్లలోనే చేతికి వస్తుంది.

ఆ పైన ఐఆర్. యూనియన్‌తో వేతన ఒప్పందం, షోకాజ్, చార్జిషీటు, డొమెస్టిక్ ఎంక్వయిరీ (కంపెనీ లోపలి విచారణ), లేబర్ ఆఫీసులో కన్సిలియేషన్ (రాజీ చర్చలు). ఒక మనిషిని సస్పెండ్ చేస్తే మొదటి 90 రోజులు సగం జీతం, విచారణ ఆలస్యం అతని వల్ల కాకపోతే ఆ తర్వాత 75 శాతం జీవన భత్యం ఇవ్వాలి. అది ఇవ్వకుండా ఎంక్వయిరీ నడిపితే రేపు కోర్టులో కేసు నిలబడదు. చార్జిషీటులో ఆరోపణ తేదీ, సమయం, చోటు స్పష్టంగా లేకపోయినా అంతే. ఒక మనిషి బతుకుదెరువు మన రాతలో ఉంటుంది. అంత జాగ్రత్తగా రాయడం ఆఫీసు గదిలో కూర్చుంటే రాదు.

దారి ఇలా ఉంటుంది: ట్రైనీ, ఎగ్జిక్యూటివ్, అసిస్టెంట్ మేనేజర్, ప్లాంట్ హెచ్‌ఆర్ మేనేజర్, ఆ తర్వాత మూడు నాలుగు ప్లాంట్లకు కలిపి క్లస్టర్ హెడ్. రిక్రూట్‌మెంట్ అసలు హెచ్‌ఆరే కాదని నా గట్టి అభిప్రాయం. అది అమ్మకాల పని.

మాదాపూర్_టీఏ

గేటు అన్నా, మీరంటే గౌరవం ఉంది కానీ చివరి మాట ఒప్పుకోను.

కన్సల్టెన్సీలో రిక్రూటర్ పని చాలావరకు అమ్మకమే, నిజం. రోజుకు ఇన్ని ప్రొఫైళ్లు పంపాలి, ఇన్ని జాయినింగ్‌లు రావాలి, క్లయింట్‌కు బిల్లు అయితేనే ఇన్సెంటివ్. కానీ కంపెనీ లోపల టాలెంట్ అక్విజిషన్ (సొంత కంపెనీకి మనుషుల్ని తెచ్చే) మేనేజర్ చేసేది వేరు. వచ్చే ఏడాది ఏ టీముకు ఎంతమంది కావాలి, ఎంతమందిని బయట నుంచి తేవాలి, ఎంతమందిని లోపలే పెంచాలి, క్యాంపస్ నుంచి ఎంతమంది, ఒక్కొక్కరి మీద ఖర్చెంత అని బిజినెస్ వాళ్లతో కూర్చుని లెక్క తేల్చాలి. మా దగ్గర 90 రోజుల నోటీస్ పీరియడ్ మామూలు. ఆఫర్ తీసుకున్న మనిషి ఆ మూడు నెలల్లో ఇంకో రెండు ఆఫర్లు పట్టుకుంటాడు. ఎవరు వస్తారు, ఎవరు రారు అని ముందే పసిగట్టి పక్కన ఇంకొకరిని సిద్ధంగా పెట్టుకోకపోతే ప్రాజెక్టు ఆగిపోతుంది. ఇది మనుషుల్ని చదివే పని. హెచ్‌ఆర్ కాకపోతే ఇంకేంటి?

చెల్లీ, కన్సల్టెన్సీలో చేరితే ఏడాది, మహా అయితే రెండేళ్లు. ఆ లోపు కంపెనీ లోపలికి మారిపోవాలి. అయిదేళ్లు అక్కడే ఉండిపోతే ఆ తర్వాత హెచ్‌ఆర్ జనరలిస్ట్‌గా (అన్ని రకాల హెచ్‌ఆర్ పనులూ చేసే మనిషిగా) తీసుకునేవాళ్లు తక్కువ. నా కళ్ల ముందే చాలామంది అలా ఇరుక్కున్నారు. ఇంకోటి, రెజ్యూమేలు వెతికి జల్లెడ పట్టే పని ఇప్పుడు సాఫ్ట్‌వేరే చాలావరకు చేసేస్తోంది. మొదటి మెట్టు మీద ఉద్యోగాలకు ఆ దెబ్బ ముందు తగులుతుంది.

జీతాల_లెక్క

ఎవరూ చెప్పని దారి ఒకటి ఉంది. కాంపెన్సేషన్ అండ్ బెనిఫిట్స్, అంటే జీతాలు, సౌకర్యాల పని, మా భాషలో సీ అండ్ బీ. లెక్కలంటే భయం లేనివాళ్లకు హెచ్‌ఆర్‌లో ఇంతకన్నా మంచి చోటు లేదంటాను.

పేరోల్ ఎగ్జిక్యూటివ్‌గా మొదలవుతుంది. హాజరు, సెలవులు, ఇంక్రిమెంట్లు, టీడీఎస్, 15వ తేదీలోపు పీఎఫ్, ఈఎస్‌ఐ. పీఎఫ్‌లో ఉద్యోగి వాటా 12 శాతం. ఈఎస్‌ఐలో ఉద్యోగి 0.75, యజమాని 3.25, నెల జీతం 21 వేల లోపు వాళ్లకు. ఇది చేతికి వచ్చాక అసలు సీ అండ్ బీ మొదలు: జీతాల గ్రేడ్లు, మార్కెట్‌తో పోలిక, బోనస్ పథకాలు, షేర్లు, గ్రూప్ ఇన్సూరెన్స్ బేరాలు. పెద్ద కంపెనీలో సీ అండ్ బీ హెడ్ తయారుచేసిన కాగితమే బోర్డులోని నామినేషన్ అండ్ రెమ్యునరేషన్ కమిటీ ముందుకు వెళ్తుంది.

ఇప్పుడైతే ఈ పని తెలిసినవాళ్లకు గిరాకీ బాగా పెరిగింది, ఎందుకంటే 2025 నవంబరు 21న పాత కార్మిక చట్టాలను కలిపి చేసిన నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. కొత్త వేతన నిర్వచనం ప్రకారం అలవెన్సులు మొత్తంలో సగం దాటితే, దాటినదంతా వేతనంలో కలపాలి. ఒక ఉదాహరణ చూడండి. నెలకు 40,000. అందులో బేసిక్ 14,000, మిగతా 26,000 అలవెన్సులు. సగం అంటే 20,000. ఆ పైన ఉన్న 6,000 వేతనంలో కలుస్తుంది. అంటే వేతనం 20,000. పదేళ్లు చేసినవాడికి గ్రాట్యుటీ (వేతనం × 15 ÷ 26 × సంవత్సరాలు) పాత లెక్కలో దాదాపు 80,770 వచ్చేది, కొత్త లెక్కలో దాదాపు 1,15,385 వస్తుంది. ఇంతమంది ఉద్యోగులకు ఈ తేడా ఎంత, పుస్తకాల్లో ఎలా చూపించాలి అని ఫైనాన్స్ వాళ్లు మా దగ్గరికే వస్తున్నారు. పీఎఫ్ మాత్రం 15,000 పరిమితి మీదే కట్టే కంపెనీలో చేతికొచ్చే జీతం పెద్దగా తగ్గదు. అది ఉద్యోగులకు అర్థమయ్యేలా చెప్పడం కూడా మా పనే.

ఫుల్ అండ్ ఫైనల్, అంటే ఉద్యోగం వదిలినప్పటి ఆఖరి లెక్క సంగతీ మారింది. మనిషి మానేసినా, తీసేసినా రెండు పనిదినాల్లో రావలసిన వేతనం ఇచ్చేయాలి. 45 రోజులు తిప్పే అలవాటున్న కంపెనీలు ఇప్పుడు పద్ధతులన్నీ తిరగరాసుకుంటున్నాయి.

పాత_పర్సనల్_ఆఫీసరు

నేను బొగ్గు గనుల్లో పర్సనల్ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. అమ్మాయీ, మీ నాన్నగారు చెప్పిన ప్రభుత్వ దారిని కొట్టిపారేయకు. అందులోనూ మీ చదువు పనికొచ్చేవి ఉన్నాయి.

గ్రూప్-2లో అసిస్టెంట్ లేబర్ ఆఫీసర్, గ్రూప్-1లో అసిస్టెంట్ కమిషనర్ ఆఫ్ లేబర్ పోస్టులు ఉంటాయి. యూపీఎస్సీ ద్వారా పీఎఫ్ సంస్థ ఈపీఎఫ్‌వోలో ఎన్‌ఫోర్స్‌మెంట్ ఆఫీసరు, అసిస్టెంట్ పీఎఫ్ కమిషనర్. వీటికి ఏ డిగ్రీ అయినా చాలు, కానీ కార్మిక చట్టాలు చదివినవాళ్లకు సిలబస్ సగం తెలిసినట్టే. యూజీసీ నెట్‌లో మన సబ్జెక్టు ఉంది, కోడ్ 55. ప్రభుత్వ రంగ సంస్థలు కొన్ని హెచ్‌ఆర్ ఎగ్జిక్యూటివ్‌లను ఆ స్కోరుతో తీసుకున్నాయి. సింగరేణిలో వెల్ఫేర్ ఆఫీసర్ ట్రైనీ పోస్టులకు నోటిఫికేషన్లు వచ్చాయి. అక్కడ 1998 నుంచి గుర్తింపు సంఘానికి రహస్య బ్యాలెట్‌తో ఎన్నికలు జరుగుతున్నాయి. కార్మిక సంబంధాలు నేర్చుకోవడానికి తెలుగునాట అంతకన్నా పెద్ద బడి లేదని నా నమ్మకం.

ఒక పాత సంగతి చెప్తాను, మీ తరానికి తెలియాలి. ఈ ఉద్యోగం పుట్టిందే కార్మికుడి కోసం. వెనక మిల్లుల్లో పనిలో పెట్టుకోవడం, తీసేయడం అంతా మేస్త్రీల చేతిలో ఉండేది. కూలివాడు వాళ్లకు ముట్టజెప్పాలి. 1931లో రాయల్ కమిషన్ ఆన్ లేబర్ దాన్ని ఆపడానికి లేబర్ ఆఫీసర్లను పెట్టమంది. 1948 ఫ్యాక్టరీల చట్టం 49వ సెక్షన్ 500 మంది, ఆ పైన ఉన్న చోట వెల్ఫేర్ ఆఫీసర్ ఉండి తీరాలంది. కొత్త కోడ్‌లో ఆ సంఖ్యను 250 చేశారు. అంటే ఆ పోస్టు ఉండాల్సిన ఫ్యాక్టరీలు పెరిగాయి. 1970లలో ఎల్ అండ్ టీలో ఉదయ్ పరీక్, టి.వి.రావు కలిసి హెచ్‌ఆర్‌డీ (మానవ వనరుల అభివృద్ధి) అనే విభాగానికి రూపమిచ్చారు. అప్పటి నుంచి శిక్షణ, ఎదుగుదల అనే రెండో పాయ కలిసింది. ఇప్పటి పేర్లు ఎన్ని మారినా ఈ రెండు పాయలే పారుతున్నాయి.

ట్రైనింగ్_హాలు

ఎల్ అండ్ డీ (లెర్నింగ్ అండ్ డెవలప్‌మెంట్, అంటే శిక్షణ) గురించి రెండు ముక్కలు. శిక్షణ మేనేజర్ అంటే స్టేజీ ఎక్కి మాట్లాడే ఉద్యోగం అనుకుని వస్తారు. పనిలో ఎక్కువ భాగం, ఏ నైపుణ్యం లోపించి నష్టం వస్తోందో కనిపెట్టడం, శిక్షణ తర్వాత పని మారిందో లేదో కొలవడం. డబ్బు కొరత రాగానే ముందు కోత పడేది మా బడ్జెట్ మీదే. నేరుగా ఇందులో మొదలుపెట్టమని చెప్పను. ఏదో ఒక పని లోతుగా తెలిసి ఇటు వస్తే మాటకు బలం ఉంటుంది.

గచ్చిబౌలి_బీపీ

నేను హెచ్‌ఆర్ బిజినెస్ పార్ట్‌నర్‌ని, ఒక విదేశీ కంపెనీ తన పనుల కోసం హైదరాబాద్‌లో పెట్టుకున్న కేపబిలిటీ సెంటర్‌లో. హెచ్‌ఆర్‌ను మూడు ముక్కలు చేసే పద్ధతి 1990లలో డేవ్ ఉల్రిచ్ రాతల నుంచి వ్యాపించింది: రోజువారీ పనికి షేర్డ్ సర్వీసెస్, లోతైన పనికి సీ అండ్ బీ, ఎల్ అండ్ డీ లాంటి నిపుణుల బృందాలు, బిజినెస్ పక్కన కూర్చోడానికి బీపీలు. ఇక్కడి పెద్ద సెంటర్లలో ఎక్కువ ఇదే నడుస్తుంది.

నా వారం చెప్తాను. ఒక ఇంజినీరింగ్ హెడ్ తన టీములో ఇద్దరిని తక్కువ రేటింగ్‌లో పెడతానంటాడు. ఆధారాలు అడుగుతాను. ఏడాది పొడవునా ఒక్కసారి కూడా వాళ్లకు తప్పు చెప్పలేదని తేలుతుంది. అప్పుడు ఆ రేటింగ్ ఒప్పుకోను. అతనికి కోపం వస్తుంది, వచ్చే వారం అదే మనిషితో ప్రమోషన్ల జాబితా మీద కూర్చోవాలి. ప్రసూతి సెలవు 26 వారాలు తీసుకుని వచ్చిన అమ్మాయికి "ఈ ఏడాది పని తక్కువ చేసింది" అని రేటింగ్ తగ్గిస్తే ఆపేది కూడా నేనే. అధికారం తక్కువ, మాట మీద నడిచే పని ఎక్కువ.

పని చోట ఆడవాళ్లపై లైంగిక వేధింపులను ఆపే పోష్ చట్టం (2013) కింద పదిమంది, ఆ పైన ఉన్న ప్రతి ఆఫీసులో ఇంటర్నల్ కమిటీ ఉండాలి. సీనియర్ మహిళా ఉద్యోగి అధ్యక్షత, బయటి నుంచి సభ్యులు ఒకరు, సగానికి తక్కువ కాకుండా మహిళలు. ఆ కమిటీ పని నేర్చుకున్నవాళ్లు ఎంప్లాయీ రిలేషన్స్ మేనేజర్లుగా వెళ్తున్నారు. ఐటీలో ఇది కొత్త దారి, మంచి దారి.

గేటు గారితో నాకు ఒక్క తేడా ఉంది. ప్లాంట్ నుంచి వచ్చినవాళ్లకు చట్టం బాగా వస్తుంది, కానీ మేనేజర్‌ను ఎదురు ప్రశ్నించడం రాదు. అక్కడ ప్లాంట్ హెడ్ మాటే శాసనం.

గేటు_నంబర్_2

అమ్మా, అది అన్ని చోట్లా నిజం కాదు. పోయిన ఏడాది మా కాంట్రాక్టర్ దగ్గర పనిచేసే ఒక కుర్రాడు రోడ్డు ప్రమాదంలో చనిపోయాడు. పెళ్లయి రెండేళ్లు. పీఎఫ్‌లో ఈ-నామినేషన్ (తన తర్వాత డబ్బు ఎవరికి వెళ్లాలో ఆన్‌లైన్‌లో నమోదు) చేయలేదు. ఆధార్‌లో భార్య ఇంటిపేరు పుట్టింటిదే. కాంట్రాక్టర్ "మూడు నెలలు పడుతుంది, చూద్దాం" అని చేతులు దులిపేసుకున్నాడు. మా ప్లాంట్ హెడ్ కూడా అది కాంట్రాక్టర్ సంగతి కదా అన్నాడు. కాదన్నాను. ఫామ్ 20 పీఎఫ్ డబ్బుకు, 10-డి పెన్షన్‌కు, 5-ఐఎఫ్ ఇన్సూరెన్స్‌కు, మూడూ మేమే నింపించాం. తహసీల్దార్ ఆఫీసు నుంచి కుటుంబ సభ్యుల పత్రం, పేరు సవరణ, బ్యాంకు ఖాతా, ఒక్కొక్కటీ మా ఎగ్జిక్యూటివ్ ఆ అమ్మాయితో వెళ్లి చేయించింది. ఈడీఎల్‌ఐ, అంటే పీఎఫ్‌తో పాటు ఉండే ఆ ఇన్సూరెన్స్ కింద గరిష్ఠంగా ఏడు లక్షల దాకా వస్తుందని ఆ కుటుంబానికి ఎవరూ చెప్పలేదు. వచ్చిన రోజు వాళ్ల మామగారు గేటు దగ్గరికి వచ్చి కూర్చున్నాడు, లోపలికి రమ్మంటే రాలేదు.

ఆ తర్వాత ప్లాంట్‌లో అందరి నామినేషన్లూ పూర్తయ్యేదాకా గేటు పాస్ రెన్యూ చేయనని నియమం పెట్టాను. ప్లాంట్ హెడ్ ముందు కాదన్నాడు, ఆఖరికి సంతకం పెట్టాడు. ఎదురు చెప్పడం మాకూ వచ్చు.

ఆడపిల్లకు ప్లాంట్ ఎందుకు అన్న మాటకు కూడా ఇదే జవాబు. ఆ ఎగ్జిక్యూటివ్ ఆడపిల్లే. శ్రీసిటీలో ఎలక్ట్రానిక్స్ లైన్లలో పనిచేసేవాళ్లలో ఆడపిల్లలే ఎక్కువగా కనిపిస్తారు. వాళ్ల హాస్టల్ బాధలు, రాత్రి షిఫ్ట్ రవాణా, ఇవి మగ హెచ్‌ఆర్‌తో నోరు విప్పి చెప్పరు. కొత్త కోడ్‌లో ఆడవాళ్లు రాత్రి షిఫ్ట్ చేయాలంటే వాళ్ల సమ్మతి, భద్రత, రవాణా తప్పనిసరి. అది కాగితం మీదే ఉండిపోకుండా చూసే మనిషి కావాలి.

గచ్చిబౌలి_బీపీ

ఇది చదివాక నా మాట వెనక్కి తీసుకుంటున్నాను గేటు గారూ. మా దగ్గర కూడా నామినేషన్ల జాబితా ఈ వారమే తీయిస్తాను.

ఇర్వింగ్_అక్క

అమెరికా వచ్చే ఆలోచన ఉన్నవాళ్ల కోసం ఒక మాట. ఇక్కడ టెక్సాస్‌లో మన తెలుగువాళ్లు చాలామంది, ముఖ్యంగా హెచ్-4 (భర్త హెచ్-1బీ మీద వచ్చే వీసా) మీద పని అనుమతి వచ్చిన ఆడవాళ్లు, హెచ్‌ఆర్ జనరలిస్ట్‌లుగా చేరుతున్నారు. ఇండియాలో చదివిన చట్టం ఇక్కడ పనికిరాదు. ఇక్కడ ఐ-9 (పని చేసే అర్హత ఫారం, మనిషి చేరిన మూడు పనిదినాల్లో పత్రాలు చూసి నింపాలి), కుటుంబ, వైద్య సెలవుల చట్టం ఎఫ్‌ఎంఎల్‌ఏ కింద 12 వారాల జీతం లేని సెలవు, ఇవి వేరే లోకం. కానీ పేరోల్, ఎంప్లాయీ రిలేషన్స్ చేసిన అనుభవాన్ని ఇంటర్వ్యూలో గుర్తిస్తారు. అక్కడి హెచ్‌ఆర్ సంఘం పెట్టే షర్మ్-సీపీ సర్టిఫికెట్ పరీక్ష రాస్తే తలుపు ఇంకాస్త తెరుచుకుంటుంది. ఉత్త సోర్సింగ్ (అభ్యర్థుల ప్రొఫైళ్లు వెతికే పని) చేసినవాళ్లను స్టాఫింగ్ కంపెనీలే పిలుస్తాయి.

కాకతీయ_ఎంబీఏ

అందరికీ చాలా థ్యాంక్స్. ఇంత వివరంగ ఎవరూ చెప్పలేదు. రాత్రి బాపుకు కూడా చదివి వినిపించిన. పీఎఫ్ కుర్రాడి సంగతి విని ఆయన ఏమీ అనలేదు, జడ్చర్లకు బస్సు ఎన్ని గంటలకు అని అడిగిండు.

ప్లాంట్ దిక్కే మనసు పోతున్నది. కానీ సీ అండ్ బీ కూడ నచ్చింది, లెక్కలు నాకు వస్తయి. ప్లాంట్‌ల చేరి తర్వాత అటు పోవచ్చా? ఇంకో అనుమానం: ఫ్యాక్టరీ వాళ్లు రెండేళ్ల బాండ్ అంటున్నరు, ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల దగ్గర పెట్టుకుంటమని అంటున్నరు.

జీతాల_లెక్క

వెళ్లొచ్చు. ప్లాంట్ హెచ్‌ఆర్‌లో టైమ్ ఆఫీస్ (హాజరు లెక్క), పేరోల్ నీ చేతికి ఇస్తారా అని ముందే అడుగు. ఇస్తే రెండేళ్ల తర్వాత ఏ సీ అండ్ బీ టీమైనా తీసుకుంటుంది. వేతన ఒప్పందాల లెక్క వేసే అవకాశం వస్తే వదలొద్దు. ఒక్కో డిమాండ్‌కు కంపెనీ మీద పడే భారం ఎంతో టేబుల్ దగ్గరే చెప్పగలిగిన మనిషికి విలువ ఉంటుంది. ఎక్సెల్ గట్టిగా నేర్చుకో.

మాదాపూర్_టీఏ

సర్టిఫికెట్లు మాత్రం ఇవ్వకు. చూపించు, జిరాక్స్ ఇవ్వు, ఒరిజినల్స్ వెంట తెచ్చేసుకో. బాండ్ కాగితం సంతకానికి ముందే ఇంటికి తెచ్చుకుని చదువు. ఎంత మొత్తం రాశారు, వాళ్లు తీసేసినా నువ్వే కట్టాలని ఉందా, అది చూడు.

గేటు_నంబర్_2

అవును, ఒరిజినల్స్ ఇవ్వొద్దు. పంతం పడితే ఆ కంపెనీనే వద్దనుకో, జడ్చర్ల, పాశమైలారం దిక్కు ఇంకా చాలా ఫ్యాక్టరీలున్నాయి. అడగాల్సినవి ఇంకో మూడు. మొదటిది, ఆఫర్ లెటర్‌లో హోదా హెచ్‌ఆర్ ట్రైనీ అని ఉందా, అడ్మిన్ అని ఉందా. రెండోది, కంపెనీ రోల్స్ మీదనా, థర్డ్ పార్టీ పేరోల్ మీదనా. మూడోది, ప్లాంట్‌లో యూనియన్ ఉందా, ఉంటే చర్చల్లో ట్రైనీలను కూర్చోనిస్తారా. నోట్సు రాసుకోడానికైనా సరే, ఒక్కసారి ఆ గదిలో కూర్చోగలిగితే మంచిది.

కాకతీయ_ఎంబీఏ

సరే అన్నా. సోమవారం వాళ్ల హెచ్‌ఆర్‌కు ఫోన్ చేసి ఈ మూడూ అడుగుత, సర్టిఫికెట్లు ఇయ్యనని కూడ చెప్త. ఏమన్నరో ఇక్కడే రాస్త.

పాత_పర్సనల్_ఆఫీసరు

చేరినా సరే, నెట్ డిసెంబరు పరీక్షకు దరఖాస్తు పెట్టుకో అమ్మాయీ. కోడ్ 55.